రాజమండ్రి నుంచి సిల్చర్‌కి: ఫోన్‌లో రెండుంబావు గంటలు, నాకు పట్టింది యాభై రెండు గంటలు

2025 జనవరి 4, శనివారం. రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తితే మా అబ్బాయి రూమ్మేట్. "ఆంటీ, కంగారు పడకండి" అన్నాడు. ఆ మాట వింటే ఏ తల్లికైనా వచ్చేది కంగారే. మావాడికి సాయంత్రం నుంచి కడుపునొప్పి, వాంతులు. ఆస్పత్రికి తీసుకెళ్తే అపెండిక్స్ అన్నారట, పొద్దున్నే ఆపరేషన్ చేయాలట. మావాడు సిల్చర్ ఎన్ఐటీలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. సిల్చర్ అస్సాంలో, బరాక్ నది ఒడ్డున ఉంటుంది. మాది రాజమండ్రి పక్కన పల్లె. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. అప్పటివరకూ విమానం ఎక్కింది ఒక్కసారే, అదీ స్కూలు వాళ్లందరితో కలిసి.

మా అత్తగారు మంచం మీద ఉన్నారు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండక తప్పదు. నేనే వెళ్లాలని ఆ రాత్రే అనుకున్నాం.

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి ఆపరేషన్ అయిపోయిందని కబురొచ్చింది. అప్పటికి గాని నాకు చేతులు ఆడలేదు. ఫోన్ తీసి రాజమండ్రి నుంచి సిల్చర్‌కి ఎంత దూరమో వెతికాను. తెర మీద వెంటనే వచ్చింది: దాదాపు 1,450 కిలోమీటర్లు, విమాన ప్రయాణం సుమారు రెండుంబావు గంటలు. "రెండుంబావు గంటలేనంటండీ" అని మావారితో అన్నాను. మధ్యాహ్నానికల్లా వాడి పక్కన కూర్చుంటానన్నంత ధైర్యం వచ్చింది.

ఆ అంకె నన్ను ఎలా తప్పుదారి పట్టించిందో ముందు చెప్తాను. మీలో ఎవరి పిల్లలైనా ఇలా దూరాన చిన్న ఊళ్లలో చదువుతుంటే ఇది తెలిసి ఉండాలి. అది రెండు ఊళ్ల మధ్య తిన్నగా గీసిన గీత దూరం. పెద్ద విమానం ఆ గీత మీద ఎక్కడా ఆగకుండా ఎగిరితే పట్టే సమయం. ఆ గీత మీద ఎగిరే విమానమే లేదు. రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఉన్న మధురపూడి నుంచి బయల్దేరితే ముందు హైదరాబాద్ వెళ్లాలి. అంటే తూర్పుకి పోవాల్సినదాన్ని 360 కిలోమీటర్లు పడమరకి పోవాలి. అక్కడి నుంచి కోల్‌కతా 1,200 కిలోమీటర్లు. కోల్‌కతా నుంచి సిల్చర్ ఇంకో 525. కూడితే 2,100 కిలోమీటర్ల దాకా తేలింది. మధ్యలో రెండుచోట్ల దిగి, ఎదురుచూసి, మళ్లీ ఎక్కడం. ఇదేదీ ఆ అంకెలో ఉండదు.

టికెట్లు కొనడంలో నేను చేసిన తప్పు కూడా దాచకుండా చెప్తాను. రాజమండ్రి నుంచి సిల్చర్ దాకా ఒకే టికెట్టుగా చూస్తే ధర ఎక్కువ కనిపించింది. విడివిడిగా కొంటే రెండు వేలు తగ్గుతోంది. ఆపరేషన్‌కి కట్టాల్సిన డబ్బు ఎంతవుతుందో తెలియని స్థితిలో రెండు వేలు నాకు పెద్దగానే కనిపించాయి. రాజమండ్రి–హైదరాబాద్–కోల్‌కతా ఒక టికెట్టు, 12,640 రూపాయలు. మర్నాటి ఉదయం కోల్‌కతా–సిల్చర్ ఇంకో టికెట్టు, 5,870. మధ్యలో ఒక రాత్రి కోల్‌కతా ఎయిర్‌పోర్టులోనే కుర్చీలో కూర్చుని గడిపేస్తాననుకున్నాను.

జనవరి 6, సోమవారం. పదకొండింటికి ఇంట్లోంచి బయల్దేరాను. కారుకి 700. అబ్బాయి స్నేహితులు ఫోన్ చేసినప్పుడల్లా ఆవకాయ, ఆవకాయ అంటుంటారు. అందుకని ఒక సీసాడు చేతిసంచిలో పెట్టుకున్నాను, పెట్టెలో పెడితే నూనె బట్టల మీద ఒలుకుతుందని. మధురపూడి సెక్యూరిటీలో సంచి ఆపేశారు. కారం, నూనె ఉన్న పచ్చడి క్యాబిన్‌లోకి పంపరట. పెట్టె అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. నా వెనక నిలబడ్డ పెద్దాయన "పెట్టెలో అయితే పంపేవారమ్మా, రెండు కవర్లలో చుట్టి పెట్టాల్సింది" అన్నారు. సీసా అక్కడే వదిలేశాను. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా మాత్రం ఏమీ అనకుండా పంపించారు.

విమానం చిన్నది, రెక్కల దగ్గర ఫ్యాన్లు తిరిగే రకం, ఏటీఆర్ అంటారు. ఎనభై లోపు సీట్లు. వెనక తలుపు నుంచి ఎక్కించారు. రెండూ అయిదుకి లేచింది, మూడుంబావుకి హైదరాబాద్. అక్కడ మూడు గంటలు ఖాళీ. అంతసేపూ నేను చేసిన పని అబ్బాయికి ఫోన్ చేయడం, వాడు మగతగా "బాగానే ఉన్నానమ్మా" అనడం, నేను నమ్మకపోవడం. ఆరూ ఇరవైకి కోల్‌కతా విమానం. రెండు గంటలపాటు ఫోన్ పనిచేయదు. ఆ రెండు గంటలూ మొత్తం ప్రయాణంలో నాకు కష్టంగా గడిచినవి. కింద ఏం జరుగుతోందో తెలియదు, తెలిసినా చేయగలిగింది లేదు. కిటికీలోంచి చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు.

ఎనిమిదీ ఇరవై అయిదుకి కోల్‌కతాలో దిగాను. రెండు వేలు మిగిల్చుకున్న ఫలితం అక్కడ తెలిసింది. టికెట్లు వేరు కాబట్టి పెట్టె కోల్‌కతాలోనే తీసుకోవాలి. పెట్టె తీసుకుని బయటికి వచ్చేశాను. తిరిగి లోపలికి వెళ్దామంటే గేటు దగ్గర జవాను టికెట్టు చూసి, "ఇది రేపటిది కదా, ఇంత ముందు పంపం" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. బయట కుర్చీలు లేవు. జనవరి చలి. నాకు హిందీ అంతంత మాత్రం, బెంగాలీ అసలు రాదు. కాసేపు పెట్టె మీదే కూర్చున్నాను. చివరికి ఒక టాక్సీ అతనికి "లాడ్జి, లాడ్జి" అంటే జెస్సోర్ రోడ్డు మీద ఎయిర్‌పోర్టుకి దగ్గర్లోనే ఒకచోట దించాడు. గది 1,800. ఒంటరి ఆడమనిషిని. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాను. నిద్ర పట్టిందని చెప్పలేను.

జనవరి 7, మంగళవారం. నా విమానం 9:40కి. ఏడింటికే ఎయిర్‌పోర్టులో ఉన్నాను. బోర్డు మీద మొదట 11:10 అని మారింది. తర్వాత 12:30. తర్వాత 2:00. ప్రతిసారీ కారణం ఒకటే: సిల్చర్‌లో పొగమంచు, రన్‌వే కనపడటం లేదు. రెండు గంటలు దాటాక ఒక శాండ్‌విచ్, జ్యూస్ ఇచ్చారు. ఆలస్యం రెండు గంటలు మించితే తిండి ఇవ్వాలన్నది రూలేనట. అడక్కపోతే ఇవ్వరేమో గాని, మా పక్క వరసలో ఒకాయన గట్టిగా అడిగారు, అందరికీ వచ్చింది.

ఆ వరసలోనే ఒక కుర్రాడు నా ఫోన్ మాటలు విని పలకరించాడు. "ఏటమ్మా, తెలుగోళ్లా మీరు?" సోంపేట దగ్గర పల్లె అతనిది. బీఎస్ఎఫ్‌లో పనిచేస్తున్నాడు, సెలవు అయిపోయి సిల్చర్ దగ్గర డ్యూటీకి వెళ్తున్నాడు. మధురపూడి దాటాక అమ్మా అని నన్ను ఎదురుగా పిలిచిన మొదటి మనిషి. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. అతను చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "జనవరిలో సిల్చర్‌కి పొద్దున ఫ్లైట్ ఎప్పుడూ పెట్టుకోకండమ్మా. మంచు ఇడిపోయేసరికి పదకొండు, పన్నెండు అయిపోద్ది. మజ్జాన్నం దానికే రావాలి. రెండు సీజన్లు చూశాను నేను." నేను పొద్దున విమానం తీసుకున్నది తొందరగా చేరాలనే.

మధ్యాహ్నం 2:50కి క్యాన్సిల్ అన్నారు. కౌంటర్ ముందు వంద మంది. రెండే దారులు: డబ్బు పూర్తిగా వెనక్కి తీసుకోవడం, లేదా అదనంగా ఏమీ కట్టకుండా వేరే విమానంలో సీటు. వాతావరణం వల్ల ఆగితే నష్టపరిహారం ఉండదు, హోటల్ గది కూడా ఇవ్వలేదు. నా వంతు వచ్చేసరికి నాలుగున్నర. మర్నాడు పొద్దున దాంట్లో సీటు ఇస్తామన్నారు. జవాను కుర్రాడు వెనక నుంచి "మజ్జాన్నం దే అడగండమ్మా" అన్నాడు. అడిగాను. 12:15 విమానంలో చివరి నాలుగు సీట్లలో ఒకటి దొరికింది.

ఆ సాయంత్రం ఆరింటికి అబ్బాయి రూమ్మేట్ ఫోన్ చేసి జ్వరం నూట ఒకటి ఉందని చెప్పాడు. డాక్టర్ చూశారు, మందు మార్చారు, భయం లేదన్నారట. నేను మళ్లీ ఆ జెస్సోర్ రోడ్డు లాడ్జిలో, మళ్లీ 1,800 కట్టి, గదిలో అటూ ఇటూ తిరిగాను. కోల్‌కతా నుంచి సిల్చర్‌కి గాల్లో 525 కిలోమీటర్లే. విమానం బంగ్లాదేశ్ మీదుగా తిన్నగా పోతుంది. నేల మీద ఆ దారి లేదు. రైలు సిలిగురి దాకా ఉత్తరానికి ఎక్కి, అస్సాం అంతా తిరిగి కిందికి దిగాలి. ముప్పై గంటలకి పైనే. కారు మాట్లాడుకుని వెళ్లిపోదామా అని కూడా అనిపించింది. అదెంత పిచ్చి ఆలోచనో మ్యాపు చూస్తే అర్థమైంది. విమానం ఎగరకపోతే చేయగలిగింది ఎదురుచూడటమే. మావారు రాత్రంతా గంటకోసారి ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఊరికే లైన్‌లో ఉండేవాళ్లం.

జనవరి 8, బుధవారం. తెల్లవారుజామున నాలుగింటికి "జ్వరం తగ్గింది ఆంటీ" అని మెసేజ్. ఆ పిల్లవాడు ఆ మూడు రాత్రులూ మావాడి మంచం పక్కనే కూర్చున్నాడు. ఒడిశా అబ్బాయి. వాళ్లమ్మకి నేను ఫోన్ చేసి దండం పెట్టాను. ఆమెకి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు, అయినా ఇద్దరికీ అర్థమైంది.

విమానం 12:50కి లేచింది, సరిగ్గా రెండింటికి కుంభీర్‌గ్రామ్‌లో దిగింది. సిల్చర్ ఎయిర్‌పోర్టు పేరది. ఎయిర్‌ఫోర్స్ స్థలంలో ఉంటుంది, ఫొటోలు తీయకూడదు. మా మధురపూడి కన్నా పెద్దదేమీ కాదు. పెట్టె పది నిమిషాల్లో వచ్చేసింది. ఊరు అక్కడికి పాతిక కిలోమీటర్ల పైన. టాక్సీకి వెయ్యి. దారంతా తేయాకు తోటలు. పొట్టిగా, సమంగా కత్తిరించిన పచ్చటి మొక్కలు, మధ్యమధ్య నీడచెట్లు. ఇంకెప్పుడైనా అయితే ఆపి చూసేదాన్ని.

మూడూ ఇరవైకి ఆస్పత్రి గదిలో అడుగుపెట్టాను. ఇంట్లోంచి బయల్దేరిన లెక్కన యాభై రెండు గంటల ఇరవై నిమిషాలు. అందులో గాల్లో ఉన్నది నాలుగున్నర గంటలు కూడా లేదు. మావాడు పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. చెయ్యి తగలగానే కళ్లు తెరిచి "వచ్చేశావా అమ్మా, ఇంత తొందరగా" అన్నాడు. మగతలో వాడికి రోజులు కలిసిపోయాయి. నేను రెండు రోజులు దారిలో ఉన్నానని వాడికి తర్వాతే తెలిసింది.

ఒక గంట కూర్చున్నానో లేదో కిటికీలో వెలుతురు పోయింది. గడియారం చూస్తే నాలుగూ నలభై అయిదు. తూర్పున అంత దూరం వెళ్లినా గడియారం మాత్రం మనదే కాబట్టి జనవరిలో అయిదింటికల్లా చీకటి. సాయంత్రం మందులకి, భోజనానికి బయటికి వెళ్లాలంటే ఇది లెక్కలో పెట్టుకోవాలి.

9న డిశ్చార్జ్ చేశారు. వెంటనే ఇంటికి తీసుకెళ్దామంటే డాక్టర్ ఒప్పుకోలేదు. బొడ్డు దగ్గర చిన్న చిల్లులు పెట్టి, లోపలికి గ్యాస్ పంపి చేసే ఆపరేషన్ అది. విమానం పైకి వెళ్లాక లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది, పొట్టలో, పేగుల్లో ఉన్న గ్యాస్ ఉబ్బుతుంది, కుట్లు నొప్పి పెడతాయి, ఆపరేషన్ అయిన రోజు నుంచి వారం ఆగండి అన్నారు. ప్రయాణానికి పనికొస్తాడని లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, ముద్ర, తేదీ వేసి ఇమ్మని నేను అడిగాను. అడగమని చెప్పింది కూడా ఆ సోంపేట కుర్రాడే. ఆ కాగితం తర్వాత రెండుచోట్ల చూపించాల్సి వచ్చింది.

మూడు రోజులు ఒక గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. యజమానురాలు నేను తెలుగు టీచర్నని విని గాంధీబాగ్‌లో ఉన్న స్మారకం గురించి చెప్పింది. 1961 మే 19న అక్కడి రైల్వే స్టేషన్‌లో బెంగాలీ భాష కోసం నిలబడ్డ వాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు, పదకొండు మంది పోయారు. పొట్టి శ్రీరాములు గారి యాభై ఎనిమిది రోజుల దీక్ష ఏటా పిల్లలకి చెప్తాను. ఈ ఊరి సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. 11వ తేదీ ఉదయం అబ్బాయి పడుకున్నప్పుడు ఒక్కదాన్నే ఆటోలో వెళ్లి చూసి వచ్చాను.

ఇక తిరుగు ప్రయాణం. సంక్రాంతి రోజులు. 13న భోగి. 12వ తేదీ హైదరాబాద్ నుంచి రాజమండ్రికి టికెట్టు చూస్తే ఒక్కొక్కరికి 13,000 పైన, అది కూడా రెండు సీట్లు ఒకే విమానంలో లేవు. హైదరాబాద్‌లో ఉన్న గోదావరి జిల్లాల వాళ్లంతా ఇంటికి వచ్చే సమయం మరి. రైలు చూశాను. సిల్చర్ నుంచి రాజమండ్రి మీదుగా దక్షిణానికి పోయే రైళ్లు వారానికి ఒక్కోసారే, ఎక్కితే రెండు రోజుల పైన ప్రయాణం. కుట్లతో ఉన్నవాణ్ణి అన్ని గంటలు బెర్తు మీద కుదిపి తీసుకురాలేను.

అప్పుడు మావారికి తట్టింది. "రాజమండ్రికే ఎందుకు వెతుకుతున్నావు? వైజాగ్ చూడు." కోల్‌కతా నుంచి వైజాగ్‌కి నేరుగా విమానం ఉంది. 770 కిలోమీటర్ల దూరం, గంటా నలభై నిమిషాలు. హైదరాబాద్ దాకా పడమరకి పోయి మళ్లీ వెనక్కి రావడం ఉండదు. వైజాగ్ నుంచి మాకు కారులో నాలుగు గంటలు. ఇంటికి దగ్గరి ఎయిర్‌పోర్టు మధురపూడే కాబట్టి వేరేది చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. వెళ్లేటప్పుడే వైజాగ్ మీదుగా వెళ్లి ఉంటే, మంచు మాట ఎలా ఉన్నా, ఒక విమానం, ఒక ఎదురుచూపు తగ్గేవి. ఇది ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

ఈసారి సిల్చర్–కోల్‌కతా–వైజాగ్ ఒకే టికెట్టు కొన్నాను. ఇద్దరికీ 21,300. ఒకే టికెట్టు అయితే పెట్టె నేరుగా వైజాగ్ పోతుంది, కోల్‌కతాలో బయటికి రానక్కర్లేదు, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఇంకో దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లది. వీల్‌చైర్ కావాలని టికెట్టు తీసుకున్నప్పుడే పెట్టాను. దానికి డబ్బులు తీసుకోలేదు.

జనవరి 12, ఆదివారం. మళ్లీ వెయ్యి పెట్టి కుంభీర్‌గ్రామ్. మంచు ఉంది గాని పదకొండుకల్లా విడిపోయింది. మాది 12:30 విమానం, పావుగంట లేటు, అంతే. ఇది కూడా ఏటీఆరే. అది నాకు మేలయింది. దానికి మెట్లు నాలుగైదే ఉంటాయి, అబ్బాయి నా భుజం పట్టుకుని ఎక్కేశాడు. కోల్‌కతాలో మూడు గంటలు వీల్‌చైర్‌లోనే కూర్చోబెట్టారు. తోసే అబ్బాయికి వంద ఇవ్వబోతే వద్దన్నాడు. మిగిలిన పూతరేకులు ఇచ్చాను. కాగితం నమిలినట్టు భయంగా కొరికాడు, తర్వాత నవ్వాడు.

విమానం పైకి లేచినప్పుడు మావాడికి కడుపులో కొంచెం బిగపట్టినట్టు అయింది, పావుగంటలో సర్దుకుంది. బెల్టు కుట్ల కిందుగా, వదులుగా పెట్టుకోమని ఎయిర్‌హోస్టెస్ చూపించింది. ఒక చిన్న దిండు పొట్టకి, బెల్టుకి మధ్య పెట్టాను. ఆపరేషన్ అయినవాళ్లతో ప్రయాణిస్తే ఆ దిండు మర్చిపోకండి.

ఆరూ యాభైకి వైజాగ్. మావారు కారు మాట్లాడి తీసుకువచ్చారు, 4,500. బయటికి రాగానే వాణ్ణి చూసి ఆయన మాట్లాడలేకపోయారు. వెనక సీట్లో పడుకోబెట్టుకుని నెమ్మదిగా వచ్చాం. ఇల్లు చేరేసరికి పదకొండున్నర. సిల్చర్ గెస్ట్‌హౌస్ నుంచి లెక్కేస్తే పదిహేను గంటల లోపే. మొత్తం రాకపోకల ఖర్చు యాభై వేలు దాటింది, ఆస్పత్రి, గెస్ట్‌హౌస్, తిండి కాకుండా. మర్నాడు తెల్లవారుజామున భోగిమంట దగ్గర వాడికి కుర్చీ వేశాం. మా అత్తగారు మంచం మీద నుంచే కిటికీలోంచి వాణ్ణి చూస్తూ ఉండిపోయారు.

ఫిబ్రవరి 2న మళ్లీ కాలేజీకి వెళ్లాడు. ముందు రోజే రైల్లో వైజాగ్ వెళ్లి మా చెల్లెలింట్లో పడుకున్నాడు. ఒకే టికెట్టు, కోల్‌కతా నుంచి మధ్యాహ్నం విమానం. ఆవకాయ పెట్టెలో, మూడు కవర్లలో. సాయంత్రం అయిదున్నరకి ఫోన్ చేశాడు. "అమ్మా, ఇక్కడ చీకటి పడిపోయింది. హాస్టల్‌కి వచ్చేశాను. సీసా పగల్లేదు."